ఱాతిపై వ్రాసిన వర్తకపు జాబు



నేటి ప్రసంగమునకు నేనెన్నుకొనిన విషయము చరిత్రకు సంబంధించినదే. అయినను నన్ను దాని కడకు నడిపించినది చరిత్రాభిలాష కాదు; మా యూరి సాలెవారి మగ్గములు. గత సంవత్సరము చైత్రమాసమున మా గ్రామపు చేనేత పెద్దలు నలుగురు మా యింటి యరుగు మీదికి వచ్చి, "పంతులుగారూ, నాలుగు నెలల సరకు కొట్టులో పడియున్నది. దూరపు పట్టణములో పెద్ద బట్టల వర్తకుడొకాయన యున్నాడట. తెలుగువాడేనట. ఆయన మన మొగ మెరుగడు. తమరు మంచి భాషలో ఒక జాబు వ్రాసి పెట్టవలెను" అని యడిగిరి. ముప్పదియైదేండ్లు పిల్లలకు లేఖారచన నేర్పినవాడను. కాదనుటకు నోరెట్లాడును? వ్రాసితిని.

నాలుగు పుటల జాబు. మొదటి పుటలో మా గ్రామమునకు ఆ పేరు వచ్చిన కథ. రెండవ పుటలో మార్కండేయ మహర్షి మొదలుకొని నేతవారి వంశప్రశంస. మూడవ పుటలో మా పంచెల సన్నదనమునకు ఉపమానములు, ఉత్ప్రేక్షలు. నాలుగవ పుట చివర, "కావున తాము మా సరకును గ్రహించి మమ్ము ననుగ్రహింప ప్రార్థన" యని ముగించితిని. చదివి వినిపింపగా పెద్దలు తలలూపిరి. నాకును తృప్తి కలిగెను. జ్యేష్ఠము గడచెను, ఆషాఢము గడచెను. ప్రత్యుత్తరము రాలేదు.

ఆ వర్తకుడు రసజ్ఞుడు గాడని కొంతకాలము మనస్సును సమాధానపెట్టుకొంటిని. శ్రావణమాసమున వేరొక విషయము వెదకుచు ఎపిగ్రాఫియా ఇండికా పండ్రెండవ సంపుటమును తెరచితిని. అందు హుల్‌ష్ పండితుడు ప్రకటించిన మోటుపల్లి శాసనము కంటబడెను. చిన్ననాట ఆ శాసనమును కాకతీయుల వంశవృక్షము కొఱకు చదివియుంటిని. వంశము ముగిసిన చోట చదువుటయు ముగించియుందును. ఈ మారు మిగిలిన భాగమును చదివితిని. చదువగా చదువగా, అది శాసనము మాత్రమే కాదు, ఎన్నడును చూడని వర్తకులకు ఒక రాజు వ్రాసిన బేరపు జాబని తోచెను. అంతకంటె, నా నాలుగు పుటల జాబునకు జవాబేల రాలేదో దానివలన తెలిసెను.

మోటుపల్లి యెక్కడనో యున్నది కాదు. బాపట్ల జిల్లాలో చినగంజాము మండలమున సముద్రపుటొడ్డున నున్న చిన్న పల్లె. నేడు అచ్చటికి ఓడలు రావు. వీరభద్రస్వామి యాలయము, శాసనములు మాత్రము మిగిలియున్నవి. పూర్వ మా రేవునకు దేశ్యుయ్యక్కొండ పట్టణమను మఱియొక పేరుండెడిది. ఆ పేరు వినినంతనే అరవదేశపు వాసన తగులును. చోళుల కాలము నుండియు దక్షిణపు వర్తకులు అచ్చట మసలుచుండిరనుటకు ఆ పేరే సాక్ష్యము.

ఆ శాసనమును వేయించినవాడు కాకతీయ గణపతిదేవ మహారాజు. కాలము శాలివాహన శకము 1166, క్రోధి సంవత్సరము. అనగా క్రీస్తుశకము 1244-45. ఈ రాజు 1199 మొదలు 1262 వఱకు రాజ్యమేలెను. రాజధాని ఓరుగల్లు. ఓరుగంటికిని సముద్రమునకును ఎన్నో ఆమడల దూరము. ఈ రాజు తొలిదినములలోనే వెలనాటిని, దివిసీమను వశపఱచుకొని, దివిసీమ నాయకుని కుమార్తెలైన నారాంబ, పేరాంబలను వివాహమాడి, వారి సోదరుడగు జాయపను తన కొలువున చేర్చుకొనెను. నృత్తరత్నావళి రచించిన జాయప సేనాని యాతడే. ఈ విధముగా తెలంగాణపు రాజునకు సముద్రతీరము చేజిక్కినది.

తీరము చేజిక్కినంత మాత్రమున వర్తకము చేజిక్కునా? ఇచ్చటనే యున్నది చిక్కు. కోటను ముట్టడించి పట్టవచ్చును. పొలమును దున్నించి పన్ను గొనవచ్చును. సముద్రములో పోవు ఓడను మాత్రము బలవంతమున మన రేవునకు రప్పింప నెవనికిని శక్యము గాదు. ఆ ఓడవాడు మన ప్రజ కాడు, మన భాష వాడు కాడు, మన దేవుని కొలుచువాడును కాకపోవచ్చును. వానికి రేవులు వేయి. వాని కిష్టమైన గాని రాడు. ఎంతటి చక్రవర్తియైనను ఆ వర్తకుని యెదుట బేరగాడే. అందుచేత గణపతిదేవునంతటి వానికిని జాబు వ్రాయవలసి వచ్చెను.

ఆ వర్తకునకు అన్నింటికంటె పెద్ద భయమేది? తుపాను అందురు. తుపాను భయమే. అయితే తుపానుకంటె దాని వెనుక వచ్చు భయము పెద్దది. గాలికి కొట్టుకొనివచ్చి ఓడ ఏ తీరముననో పగిలినదనుకొనుడు. ప్రాణములు దక్కించుకొని యొడ్డుజేరిన వర్తకుని సొత్తునంతయు ఆ తీరపు రాజు తనదని పట్టుకొనుట ఆనాటి యాచారము. వెనీసు నగరపు వర్తకుడైన మార్కో పోలో మలబారు తీరమును గూర్చి వ్రాయుచు, ఒక రేవునకు బయలుదేరి గాలివశమున మఱియొక రేవు చేరిన ఓడను అచ్చటివారు దోచుకొందురనియు, దేవుడే మిమ్ము మా కొఱకు పంపినాడని పలుకుదురనియు చెప్పినాడు. అది వారికి పాపముగా తోచదట! పదునాలుగవ శతాబ్దమున వచ్చిన మూరు దేశపు యాత్రికుడు ఇబన్ బతూతా మఱియొక సంగతి చెప్పెను. మలబారునందు పగిలిన ఓడలోని సొమ్మంతయు బొక్కసమునకు చేరును గాని, కళ్లికోట యందు మాత్రము దానిని సొంతదారులకే విడిచిపెట్టుదురనియు, అందుచేతనే ఆ పట్టణము పెరిగి పరదేశులతో నిండినదనియు ఆతడు వ్రాసినాడు. ఈ రెండవ మాటను శ్రోతలు జ్ఞాపక ముంచుకొందురుగాక. దానితో ముందు పని కలదు.

ఈ దురాచారము మన దేశముననే యుండెననుకొని సిగ్గుపడ నక్కఱలేదు. ఇంగ్లండులోను ఉండెడిది. అచ్చట 1275వ సంవత్సరమున చేసిన వెస్టుమినిస్టరు చట్టములో నొక వింతమాట యున్నది. పగిలిన ఓడ నుండి మనుష్యుడు గాని, కుక్క గాని, పిల్లి గాని ప్రాణముతో బయటపడిన యెడల ఆ సొత్తును దిక్కులేనిదిగా నెంచరాదట. పిల్లి బ్రతికిన వర్తకుడును బ్రతికినట్లే! నవ్వు వచ్చు మాటయే. అయినను ఎందఱు వర్తకుల కన్నీళ్ల తరువాత అంతమాత్రపు దయ పుట్టినదో యోచింపుడు. మన మోటుపల్లి శాసనము ఆ చట్టమునకు ముప్పదియేండ్లు ముందటిది. అందు పిల్లి ప్రసక్తి లేదు. అంతకంటె ధారాళమైన మాట కలదు.

ఇక శాసనములోని మాటను నా మాటలలో మనవి చేసెదను. మొదట సంస్కృత శ్లోకములలో కాకతీయ వంశవర్ణన. తరువాత సంస్కృత వచనమున అసలు సంగతి. సకల ద్వీపములకును దేశాంతరములకును పట్టణములకును రాకపోకలు చేయు ఓడవర్తకులకు గణపతిదేవ మహారాజు ఈ యభయశాసనము నిచ్చుచున్నాడు అని ఆరంభము. ఆపైని వాక్యము నన్ను ఆశ్చర్యపఱచినది. ఒక దేశము నుండి మఱియొక దేశమునకు బయలుదేరిన ఓడలు పెనుగాలికి చిక్కి, పగిలి, రేవు గాని చోట ఒడ్డుకు కొట్టుకొనివచ్చినప్పుడు, అందలి బంగారమును, ఏనుగులను, గుఱ్ఱములను, రత్నములను పూర్వపు రాజులు బలాత్కారముగా హరించుచుండిరి అని స్పష్టముగా చెప్పించెను. మేమైతే, ధనము ప్రాణములకంటెను గొప్పదని తలచి సముద్రయానమను మహాసాహసము చేసినవారికి, నిర్ణీతమైన సుంకము తప్ప మిగిలినదంతయు, దయచేతను, కీర్తి కొఱకును, ధర్మము కొఱకును, విడిచిపెట్టుచున్నాము అనెను. ఆ సుంకము ఎగుమతికిని దిగుమతికిని ముప్పదింట నొకటి.

శాసనములోని సారమింతే. ఈ కొద్ది మాటలలో ఎంత లోకజ్ఞానమున్నదో చూడుడు.

మొదటిది, రాజు తన గొప్పతో సంగతి నెత్తుకొనలేదు. ఎదుటివాని భయముతో నెత్తుకొనెను. ఓరుగంటి కోట యెత్తు గాని, వేయి స్తంభముల గుడి యందము గాని యందు లేవు. అవి యన్నియు నిజములే. అయినను గాలికి తెరచాప చినిగిన వర్తకునకు కోట యెత్తుతో నేమి పని? వాని మనస్సులో రాత్రింబగళ్లు మెదలుచున్నది ఒక్కటే ప్రశ్న: ఓడ పగిలిన నా సొమ్మేమగును? ఆ ప్రశ్నను వాడడుగక మునుపే రాజు తానే పలికెను.

ఇంతకంటె కష్టమైన సంగతి మఱియొకటి కలదు. పూర్వపు రాజులు దోచుకొనిరి అని ఒక రాజు తన శాసనములో చెక్కించుట. రాజులు రాజులను గూర్చి యిట్లు వ్రాయించుట అరుదు. ప్రశస్తి యనగా పూర్వుల నందఱను ఆకాశమున కెత్తుటయే కదా! కాని ఆ మాట లేక తక్కిన మాటలకు విలువ లేదు. "మా రేవులో మీకెట్టి భయమును లేదు" అని వ్రాసిన, ప్రతి రేవువాడు నిట్లే యనునని వర్తకుడు నవ్వుకొని పోవును. "మావంటివారు మీకు చేసిన యన్యాయము మాకు తెలియును" అనిన వెంటనే, వీనికి నా కష్టము తెలియునే యని యొక చెవి యిటు వేయును. దోషమును దాచినవాడు దానిని మరల చేయునేమోయని శంక. దానిని పేరుపెట్టి చెప్పినవాడు మరల చేసిన యెడల ఆ ఱాయే వానికి ఎదురు సాక్ష్యము చెప్పును.

ధనము ప్రాణముకంటె గొప్పదని తలచి, అను మాటను గూర్చియు ఒకటి చెప్పవలెను. పండితుడగువాడు దీనిని వర్తకుల లోభమునకు నిందగా వ్రాసియుండవచ్చును. మా గురువుగారే యైనచో అర్థము అనర్థమని యొక శ్లోకము చదివియుందురు. శాసనకర్త అట్లు చేయలేదు. దానిని సాహసమన్నాడు, మహాసాహసమన్నాడు. ఎవని బ్రతుకును వాని కంటితో చూచి గౌరవించినాడు. జాబు నందుకొనువానికి నీతి బోధించిన జాబు బేరమును తేదు.

దయ, కీర్తి, ధర్మము అని మూడు కారణములు చెప్పెను. దయ యొక్కటియే చెప్పినచో నాకు నమ్మకము కలిగెడిది కాదు. కీర్తి కొఱకును అని యొప్పుకొనుటలో నిజమున్నది. బొక్కసమునకు సుంకము వచ్చుననియు, సేనకు గుఱ్ఱములు వచ్చుననియు చెప్పలేదు. చెప్పకపోయినను వర్తకు లెరుగుదురు. ఇరువురకును లాభమున్నదని తెలిసిన బేరమే నిలుచునని వారి కొకరు నేర్పవలయునా?

ఇక ముప్పదింట నొకటి. నూటికి మూడుకంటె కొంచె మెక్కువ. ముప్పది గద్యాణముల సరకు దింపిన నొక గద్యాణము. లెక్క నోటికి వచ్చును, వ్రేళ్లమీద తేలును. "సుంకము స్వల్పము" అని వ్రాసిన, స్వల్పమన నెంతయని వర్తకుడు తలగోకికొనును. స్వల్పమను మాట అధికారి నోట రోజుకొక విధముగా పెరుగును. ముప్పదింట నొకటి పెరుగదు. అంతటితో ఆగక, సరకుల వారీగా పట్టికయు చెక్కించిరి. చందనమునకు తులమను బరువు చొప్పున. దేశపు కర్పూరమునకు, చీనా కర్పూరమునకు, ముత్యములకు గద్యాణపు వెల చొప్పున. పన్నీరు, దంతము, జవ్వాది, కర్పూరతైలము, రాగి, సీసము, పట్టునూలు, పగడములు, సుగంధద్రవ్యములు, మిరియములు, వీని కన్నింటికి లెక్కలు. పట్టుబట్టలకు మూట చొప్పున. పోకలకు లక్ష చొప్పున. ఏ వర్తకుడు తన సరకును ఏ విధముగా కొలుచునో ఆ విధముగానే సుంకమును చెప్పిరి. పోకల నెవడును తూచి యమ్మడు, లెక్కపెట్టి యమ్మును. పట్టుబట్టలను విప్పి లెక్కింపనక్కఱలేక మూటను చూచి సుంకము గొన్న యెడల సరకు నలుగదు. ఈ పట్టికను వ్రాసినవాడు రాజసభలో కూర్చున్న కవి కాడు. రేవులో నిలుచుండి మూటలు దింపుట చూచినవాడు.

భాషను గూర్చియు ఒక మాట. వంశమునకు శ్లోకములు, అభయమునకు సంస్కృత వచనము, సుంకముల లెక్కకు తెలుగు. నావంటి శాస్త్రపాఠియైనచో పోకల లెక్కను కూడ అనుష్టుప్పులలో బిగించియుండును! ఈ శాసనకర్తకు ఏ మాట యెవనికో తెలియును. గౌరవము తోచవలసిన చోట దేవభాష. రేవు కరణము, సుంకరి, బేరగాడు చదువవలసిన చోట వారి నోటి మాట.

అయితే వంశవర్ణన మాట యేమని మీరడుగవచ్చును. నా జాబులోను వంశవర్ణన యుండెను గదా! ఇచ్చట నేను చాలసేపు యోచించితిని. ఆ శ్లోకములు వ్యర్థములు కావు. అభయ మిచ్చువాడెవడు, వాని వెనుక నెందఱు రాజులున్నారు, రేపు వాడు మాట తప్పకుండునా అని చూచుకొనువానికి వంశము ఒక జామీను. బేతరాజు, ప్రోలరాజు, రుద్రదేవుడు, మహాదేవుడు అని వరుసగా పేరులు చెప్పుట, మేము నిన్న వచ్చి రేపు పోవువారము గామని చెప్పుట. నా జాబులోని స్థలపురాణము ఎవరికిని దేనికిని జామీను కాదు. మార్కండేయ మహర్షి వచ్చి పంచె పొడవు తక్కువైన పరిహార మీయడు.

ఇంతకును ఆ ఱాతిజాబు ఫలించెనా? చరిత్రలో ఒక కార్యమునకు ఒక్కటే కారణమని చెప్పుట సాహసము. రాజ్యము నెమ్మదిగా నుండుట, తీరమంతయు ఒక్కచేతి క్రిందికి వచ్చుట, లోపలి గ్రామములలో నేత, గనులలో వజ్రములు, ఇవన్నియు కలసి వచ్చినవి. అయినను శాసనము వేసిన యేబదియేండ్లకు ఆ దారిని పోయిన మార్కో పోలో ఈ రాజ్యమును ఏ పేరుతో పిలిచెనో తెలిసికొనిన ముచ్చట కలుగును. ఓరుగల్లు అనలేదు, కాకతీయ మనలేదు, తెలంగాణ మనలేదు. ముత్ఫిలి యన్నాడు. అది మన మోటుపల్లియే. రేవు పేరే రాజ్యమునకు పేరైనది. రుద్రమదేవిని వివేకవతియైన రాణిగా పొగడినాడు. ఆమెను రాజుగారి కుమార్తె యనుటకు బదులు భార్య యన్నాడు గాని, పరదేశి కనుక క్షమింతము. వజ్రములను గూర్చియు, సాలెగూటివలె సన్నని బట్టలను గూర్చియు వ్రాసినాడు. ఆ బట్టలు నేసినవారు మా యూరి నేతవారి పూర్వులో, మీ యూరివారి పూర్వులో యగుదురు.

1323వ సంవత్సరమున ఓరుగల్లు కూలినది. జాబు వ్రాసిన వంశము పోయినది. ఱాయి నిలిచినను, ఱాతి వెనుక నిలువవలసిన రాజు లేడు. అట్టి ఱాయిని నమ్మి యెవడు ఓడను రేవున కట్టును? ఈ సంగతిని మనకు చెప్పునది మఱియొక శాసనము. కొండవీటి రెడ్డిరాజైన అనపోత రెడ్డి శకము 1280, విళంబి సంవత్సరమున, అనగా 1358లో, అదే మోటుపల్లిలో వర్తకుల కొఱకు మరల ధర్మశాసనము వేయించెను. పూర్వపు అభయము నిలిచియేయున్నచో క్రొత్తది యేల? నమ్మకము తెగినచోట మరల మొదటి నుండి ముడి వేయవలసి వచ్చెను.

ఈ రెండవ జాబులో భయములు మాఱినవి. గణపతిదేవుడు ఓడ పగిలినవానితో మాటలాడెను. అనపోత రెడ్డి ఊరిలో కాపురముండ వచ్చువానితో మాటలాడెను. ఇచ్చట నిలువ వచ్చిన వర్తకులకు భూములిత్తుము, పోదలచినవారిని నిర్బంధింపము, తమ సరకును తమ యిష్టము వచ్చినవారి కమ్ముకొనవచ్చును, కొడుకులు లేక చనిపోయినవాని సొత్తును రాజు గ్రహించు అపుత్రిక ధనపు టాచారమును మానినాము, కొన్ని సుంకములను తగ్గించినాము. పరదేశమున నొంటిగా చనిపోవుదునేమో, నా సొమ్ము నా వారికి చేరదేమో యని రాత్రివేళ తలచుకొను వర్తకుని మనస్సును ఎవరో బాగుగా విని వ్రాసిన మాటలివి. శాసనమును తెలుగుననే కాక అరవమునను చెక్కించిరి. వచ్చువాడేభాషవాడో ఆ భాషలో.

ఈ జాబునకు జవాబు వచ్చినదా యని యడిగిన, శ్రీనాథుని హరవిలాసమును చూడుడు. ఆ కావ్యమును ఆయన అంకితమిచ్చినది రాజునకు గాదు. అవచి తిప్పయసెట్టియను వర్తకునకు. సింహళపు ఏనుగులు, హురుమంజి గుఱ్ఱములు, భోటదేశపు కస్తూరి, చీనాంబరములు, ఇవన్నియు ఓడలలో తెచ్చి, అనపోత రెడ్డి కుమారుడైన కుమారగిరి రెడ్డి వసంతోత్సవములకు సుగంధద్రవ్యముల నందించిన కుటుంబ మది. కవిసార్వభౌముడు ఒక సెట్టిగారికి కృతి యిచ్చుటను ఆనాడెవరును తప్పుపట్టినట్లు కానము. ఇబన్ బతూతా కళ్లికోటను గూర్చి చెప్పిన మాటను జ్ఞాపక ముంచుకొమ్మంటిని గదా! పగిలిన ఓడ సొమ్మును ముట్టని రేవు పెరిగినదనెను. పడమటి తీరమున ఆతడు కన్నులార చూచినదానిని తూర్పు తీరమున మన గణపతిదేవుడు అంతకు నూరేండ్లకు ముందే యెరిగి ఱాతిపై వ్రాయించెను.

మా యూరి సంగతి సగములో విడిచితిని. శ్రావణమాసములోనే నేత పెద్దలను మరల పిలిచితిని. "జాబు మరల వ్రాసెదను. అయితే మీరు నాకొక నిజము చెప్పవలెను. దూరపు వర్తకులు మన ప్రాంతపు సరకును గూర్చి భయపడునది దేనికి?" అని యడిగితిని. కొంతసేపు ఎవరును పలుకలేదు. పిమ్మట వారిలో వృద్ధుడు, "తమ దగ్గర దాపరికమేల? కొన్నేండ్ల క్రిందట ఈ చుట్టుప్రక్కల కొందఱు మాదిరి యొకటి చూపి, మూటలో వేఱొకటి పంపిరి. పొడవు తగ్గించిరి. పన్న తగ్గించిరి. మేము పంపలేదు. కాని పేరు మా యందఱకును వచ్చినది" అని చెప్పెను. ఆ మాటతోనే జాబు నారంభించెదననగా, ఆయనకు కోపము వచ్చెను. "పంతులుగారూ, మన తప్పు మనమే చాటుకొందుమా?" అనెను. నేను మోటుపల్లి శాసనమును తీసి ఆ వాక్యమును చదివి యర్థము చెప్పితిని. రాజంతటివాడు వ్రాయించెనా యని రెండుమార్లు అడిగెను. తరువాత చాలసేపు ఊరకుండి, "అట్లయిన వ్రాయుడు" అనెను.

ఈ మారు జాబు ఒక పుటకు మించలేదు. మా ప్రాంతము నుండి పూర్వము మాదిరికి సరిపడని సరకు వెళ్లినదని మే మెరుగుదుమని మొదటి వాక్యము. పంచె పొడవెన్ని మూరలు, పన్న యెంత, నూలు ఎనుబదవ నంబరు, జత వెల యింత, నెలకిన్ని జతల కంటె నేయలేము అని లెక్క. మాదిరికి అంగుళము తగ్గినను మూట తిప్పి పంపవచ్చును, రాకపోకల ఖర్చు మాది యని మాట. ఈ చివరి మాటకు నలుగురు పెద్దలును ఒప్పుకొనుటకు రెండు రాత్రులు పట్టినది. తిరిగి వచ్చిన మూట ఖర్చు మోయుట వారి బిడ్డల కూటిలోనిది గదా! ఒప్పుకొనిన పిదప క్రింద నేను వ్రాలు చేయలేదు. నేసినవారు నలుగురు చేసిరి. అందొకరు వేలిముద్ర వేసిరి.

పదునెనిమిది దినములకు ఒక కార్డు వచ్చెను. పొగడ్త లేదు, ఉపచారము లేదు. రెండు జతలు మాదిరి పంపుడు, చూచి వ్రాసెదము అని రెండే పంక్తులు. వృద్ధుడు తానే మగ్గమున కూర్చుండి ఆ రెండు జతలను నేసెను. మూట కట్టుటకు ముందు మా యరుగు మీద పఱచి, ముమ్మారు కొలిచి, ప్రతి జతకును ఒక బెత్తెడు అధికముగా నున్నదని చూపెను. "ఇదేమి, వ్రాసినదానికంటె ఎక్కువ యున్నదే?" అనగా, "తడిపిన కుంచుకొనును గదా, పంతులుగారూ" అనెను.